వెనక అట్ట మీది అబద్ధం

పెళ్లి ముహూర్తాలు దగ్గరపడేసరికి విజయవాడ బస్టాండు పుస్తకాల స్టాళ్లలోనూ, గుంటూరు బ్రాడీపేట బంకుల్లోనూ బరువు తగ్గడంపై పత్రికలు వేసిన ‘స్లిమ్ స్పెషల్’ సంచికలు వేలాడుతున్నాయి. లోపలి పేజీలో వారానికి అరకిలో తగ్గితే చాలని డాక్టరు హితవు. వెనక అట్ట మీద నెలకు పది కిలోలు గ్యారంటీ అంటూ పొడి మందు ప్రకటన. రెండింటినీ అచ్చుకు పంపింది ఒకే సంపాదకుడు. మా ఆగ్రహం ఆయన మీదే.

లెక్క కట్టడం కష్టమేమీ కాదు. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. పది కిలోలకు 77,000, అంటే రోజుకు 2,500 పైమాటే. ఓ మోస్తరు పనిచేసుకునే మహిళ ఒంటికి రోజంతా ఖర్చయ్యేదే 2,100 అటూ ఇటూ. నెలంతా పస్తున్నా అంత కొవ్వు కరగదు. మొదటి వారం తూకంలో తగ్గేది చాలావరకు గ్లైకోజెన్ (ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం), దాన్ని అంటిపెట్టుకున్న నీరు. అన్నం మొదలుపెట్టగానే అది తిరిగొస్తుంది. కడుపు మాడ్చుకుంటే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, పిత్తాశయంలో రాళ్లకూ దారి పడుతుంది.

వంటల పేజీల్లోనూ ఇదే నిర్లక్ష్యం. ‘గిన్నెడు కిచిడీ, 200 కేలరీలు’ అని రాస్తారు. ఏ గిన్నె? బియ్యం తూకం పచ్చిదా, ఉడికాకనా? వంద గ్రాముల పచ్చి బియ్యంలో 350 కేలరీలుంటే, అంతే తూకం అన్నంలో 130కి మించవు. ‘తగినంత నూనె’ మరీ ఘోరం. పెసరట్టు చుట్టూ రెండు పెద్ద చెంచాలు వేస్తే నూనె నుంచే 250 కేలరీలు. గ్రాములు రాయని వంటకం బరువు తగ్గాలనుకునేవారికి ఎందుకూ పనికిరాదు. ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎంఐ పట్టికలు కూడా 25 వరకు ‘మామూలే’ అంటున్నాయి. మనవాళ్లకు 23 దగ్గరే జాగ్రత్త మొదలవ్వాలి. నడుము కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదన్న ముక్కకు చోటే దొరకలేదు.

అన్నిటికన్నా భయపెట్టేది సొరకాయ రసం. పరగడుపున గ్లాసుడు తాగమన్నారు. చేదుగా ఉంటే ఒక్క గుక్క కూడా మింగకూడదని, ఆ చేదులోని విషం వాంతులు, రక్తస్రావం, ప్రాణాపాయం దాకా తీసుకెళ్తుందని రాయలేదు. షుగరుకు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వాడుతున్నవారు డాక్టరుకు చెప్పకుండా రాత్రి భోజనం మానేస్తే షుగరు పడిపోతుందనీ రాయలేదు. ఒక్క వాక్యం చాలేది. పొడి మందుకు మాత్రం అట్టంతా ఇచ్చారు!

ప్రకటనలు లేకపోతే పత్రిక నడవదంటారు. నిజమే, మాకూ అవే ఆధారం. అయితే వ్యాసం వేషంలో వచ్చే ప్రకటనకు నెత్తిన ‘ప్రకటన’ అని ఉండాలి. ఈ సంచికల్లో ‘మా పాఠకురాలి అనుభవం’ పేరుతో వచ్చిన పేజీ అడుగున క్లినిక్ ఫోన్ నంబరుంది. ఫొటోలకు తేదీలు లేవు, మనిషి ఎత్తు లేదు, ఏడాది తర్వాత ఆ బరువు నిలిచిందో లేదో లేదు. లోపల హితవు, బయట మోసం: డాక్టరు మాట మీద పాఠకురాలికి కలిగిన నమ్మకాన్నే వెనక అట్ట అమ్ముకుంటోంది.

చట్టం కొత్తదేమీ కాదు. 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల చట్టం షెడ్యూలులో స్థూలకాయం పేరుంది. దాన్ని నయం చేస్తామని మందును ప్రచారం చేయడమే నేరం, ఆ ప్రచురణలో పాలుపంచుకోవడమూ నేరమే. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ఈ సీజన్ చూసీచూడనట్టు వదిలేస్తే వచ్చే సీజన్‌కు షుగరు మాయం చేసే పొడి వస్తుంది, ఆ తర్వాత కిడ్నీలకు. బస్టాండులో బహిరంగంగా వేలాడుతున్న సంచికను ఒకటి కొని వెనక్కి తిప్పి చూడటానికి ఔషధ నియంత్రణ అధికారులకు ఎవరి ఫిర్యాదు కావాలి? సంపాదకులకూ ఒక మాట: ఆ పొడి మీ ఇంటి ఆడపిల్లకు తాగిస్తారా? తాగించరు. మరి మా పిల్లలకెందుకు అమ్ముతున్నారు?