ఆ పగుళ్ళను పూడ్చకండి

పాత వాల్‌నట్ (అక్రోటు చెక్క) భోజనాల బల్లను యంత్రంతో గీకి, మెరుపు పూత పూసి, ‘చూడండి, కొత్తదానిలా అయిపోయింది’ అని మురిసిపోయే వీడియోలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చాలా చెక్కలు వయసుతో నల్లబడితే, వాల్‌నట్ మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ ముదురు గోధుమ రంగు వదిలి తేనె రంగులోకి తిరుగుతుంది. అరవై ఏళ్ళు ఎండా వెలుతురూ పడి వచ్చిన రంగు అది. దాన్ని పొడి చేసి చెత్తబుట్టలో పోయడం బాగుచేయడం ఎలా అవుతుంది?

అమెరికాలో 1950, 60 దశకాల్లో గట్టి చెక్కతో చేసిన బల్లల గురించి నా బాధ. ఆ తరంలో బల్లలు చేసినవాళ్ళలో జార్జ్ నకషిమాను మించినవాడు నా దృష్టిలో లేడు. 1905లో అమెరికాలోని స్పోకేన్‌లో జపనీస్ కుటుంబంలో పుట్టాడు. ఆర్కిటెక్టుగా పుదుచ్చేరి వచ్చి, అరవిందాశ్రమం వారి ‘గోల్కొండ’ వసతి గృహం కట్టడం దగ్గరుండి చూశాడు. ఆ పేరు మన గోల్కొండదే. హైదరాబాద్ దివాన్ సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం నుంచి డబ్బు వచ్చింది కాబట్టి అలా పెట్టారు. అమెరికా తిరిగి వెళ్ళాక, రెండో ప్రపంచ యుద్ధకాలంలో, జపాన్ మూలాలవాడని 1942లో ఆయన్ను భార్యాబిడ్డలతో సహా ఐడహోలోని మినిడోకా నిర్బంధ శిబిరంలో పెట్టారు. జెంటారో హికొగావా అనే వడ్రంగి దగ్గర జపాన్ పనితనం నేర్చుకున్నది ఆ ముళ్ళకంచె వెనకే. మరుసటి ఏడు విడుదలై పెన్సిల్వేనియాలోని న్యూ హోప్ చేరాడు.

ఆయన బల్లను దగ్గరగా చూడాలి. అంచు సూటిగా కోసి ఉండదు, మాను ఎలా వంపు తిరిగిందో అలాగే వదిలేస్తాడు. కణుపులూ అలాగే ఉంటాయి. నిలువునా పగులు ఉంటే దానికి అడ్డంగా సీతాకోకచిలుక ఆకారంలో చిన్న చెక్కబిళ్ళ దిగేస్తాడు. బిళ్ళ రెండు చివర్లూ వెడల్పు, నడుము సన్నం. బిళ్ళలో నార (చెక్క పోగుల వరస) పగులుకు అడ్డంగా పోతుంది కాబట్టి రెండు వైపులనూ పట్టి ఉంచుతుంది, పగులు ఇంకా సాగదు. పగులు మాత్రం కళ్ళెదుటే ఉంటుంది. దాచాలన్న ఆలోచనే లేదు.

ఇప్పుడు అలాంటి పగుళ్ళలోనే నీలం రెసిన్ (పోశాక గట్టిపడే ప్లాస్టిక్ లాంటి ద్రవం) పోసి నది అంటున్నారు! చెక్క ఏటా వానాకాలపు తేమకు ఉబ్బుతుంది, చలికాలం హీటర్ల వేడికి కుంచించుకుపోతుంది. నార పొడవునా కాదు, అడ్డంగా. అందుకే తెలిసిన వడ్రంగి బల్ల పైపలకను కాళ్ళకు బిగించేటప్పుడు మరలకు కాస్త కదిలే చోటు ఉంచుతాడు. ఆ కదలికకు చోటివ్వకుండా బిగిస్తే చెక్క ఇంకోచోట చీలుతుంది.

అమెరికాలోని మన ఇళ్ళలో ఇంకో అలవాటు ఉంది. పసుపు మరక పడుతుందని మంచి బల్ల మీద మందపాటి ప్లాస్టిక్ షీటు పరుస్తారు. పసుపు రంగు వెలుతురుకు నిలవదు, కిటికీ ఎండ తగిలితే క్రమంగా వెలిసిపోతుంది. షీటు కింద చిక్కిన తేమ చేసే చెరుపే ఎక్కువ. నూనె పూత ఉన్న బల్లకు గీత పడితే ఆ ఒక్కచోటే నారవెంట సన్నగా రుద్ది, మళ్ళీ నూనె పట్టిస్తే చాలు. ప్లాస్టిక్ పొరలా గట్టిపడే పాలియురెథేన్ పూత ఊడితే ఆ ఒక్కచోట కలిసిపోయేలా సరిచేయడం చాలా కష్టం.

పిల్లలు పెన్సిలు నొక్కి రాసిన గుర్తులూ, వేడి గిన్నె పెట్టిన తెల్లటి వలయమూ చూసి సిగ్గుపడకండి. అంతగా గీకించాలనుకుంటే ముందు వంగి అంచు చూడండి. పైన కనిపించే నార గీతలు అంచులోకి దిగకపోతే అది వెనీర్, అంటే పైన అతికించిన పలుచని చెక్కపొర. ఆ కాలపు డానిష్ టేకు బల్లల్లో చాలావాటి పైపలకలు ఇలాంటివే. ఇసుక కాగితం యంత్రం వాటి మీద నాలుగుసార్లు తిరిగితే లోపలి పార్టికల్ బోర్డు (చెక్కపొట్టు అతికించి చేసిన పలక) బయటపడుతుంది. దాన్ని మళ్ళీ టేకుగా మార్చగల వడ్రంగి లేడు.