కుదించి రాయడం నేర్పండి

ఒక పేజీ చదివి, అందులో ఉన్నది సొంత మాటల్లో చెప్పమంటే మన పిల్లల్లో చాలామందికి టెన్షన్ వస్తుంది. తప్పు వాళ్లది కాదు. బళ్లో అడిగే వ్యాసం కూడా గైడులో సిద్ధంగా ఉంటుంది, ఇంటర్‌కు వచ్చేసరికి అంతా బిట్లే. 1954 నుంచి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, ఇప్పుడు ఐఐటీ, సైన్స్ విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఉన్న తిరుపతిలో ఈ మాట రాయాల్సి రావడం మాకు బాధగా ఉంది. అక్కడ ఏ పరిశోధన అయినా మొదలయ్యేది ఇతరులు రాసింది చదివి, దాని సారం పట్టుకోవడంతోనే కదా. సివిల్స్ మెయిన్స్‌లో మూడు గంటల్లో రెండు వ్యాసాలు రాయాలి, 250 మార్కులు. కోచింగ్‌లో చేరాక మొదలుపెడితే అందే విద్య కాదిది.

సారాంశం అంటే వాక్యాలు కొట్టేయడం కాదు. ఏది వాదన, ఏది ఆధారం, ఏది ఉత్త ఉదాహరణ అని తేల్చుకోవడం. చిత్తూరు మామిడి సంగతే తీసుకుందాం. 2025లో తోతాపురి రకం ధర పడిపోయినప్పుడు రైతుకు కిలోకు 12 రూపాయలు అందాలని, అందులో గుజ్జు పరిశ్రమలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని నిర్ణయించారు. దాని మీద వచ్చిన ఒక కథనాన్ని తొమ్మిదో తరగతికి ఇచ్చి 80 మాటల్లో రాయమనండి. రైతు మాట, ఫ్యాక్టరీ మాట, ప్రభుత్వం మాట దేనికది విడదీయాలి. తన అభిప్రాయం కలపకూడదు. ఇంట్లో తోట ఉన్న బిడ్డకు అదేమంత తేలిక కాదు. అది అయ్యాకే, ఆ నాలుగు రూపాయలు నష్టాన్ని పూడ్చాయా అని వ్యాసం అడగాలి. అప్పుడు 'పండ్లలో రాజు మామిడి' అని మొదలుపెట్టి పేజీ నింపడం కుదరదు. అవునన్నా కాదన్నా కారణం చూపాలి, అవతలివాళ్ల వాదనకు జవాబు చెప్పాలి.

ఇలా కారణం చూపి వాదించడం మన నేలకు కొత్త కాదు. పాత కావ్యాలను పొగడడమే మర్యాద అనుకునే రోజుల్లో వాటిని తర్కంతో పరీక్షించి తెలుగు విమర్శకు కొత్త దారి వేసిన కట్టమంచి రామలింగారెడ్డిది చిత్తూరే.

ఉపాధ్యాయుల ఇబ్బంది మాకు తెలుసు. క్లాసు మొత్తం వ్యాసాలు దిద్దాలంటే రాత్రిళ్లు చాలవు. అందరివీ ప్రతివారం దిద్దనక్కర్లేదు. పిల్లలు ఒకరి సారాంశాన్ని ఒకరు మూలంతో సరిచూసుకోవచ్చు, టీచరు వంతులవారీగా పది చూస్తే చాలు. మార్కు వేసి వదిలేయకుండా 'దీనికి ఆధారం ఏది?' అని పక్కన రాస్తే ఆ బిడ్డ మళ్లీ ఆలోచిస్తుంది. తిరుపతి, చిత్తూరు జిల్లాల విద్యాశాఖ అధికారులు వచ్చే విద్యా సంవత్సరం నుంచే ఎనిమిది, తొమ్మిది తరగతుల టైంటేబుల్లో వారానికి ఒక పీరియడ్ దీనికి కేటాయించాలి. సిలబస్ మిగిలిపోయిందంటూ ఎవరూ దాన్ని లాగేసుకోకుండా చూసే బాధ్యత ప్రధానోపాధ్యాయులు తీసుకోవాలి.