బుల్లెట్ టకటకకు కిరోసిన్ వైద్యమా? ఆ మెసేజ్ ఇక ఆపండి

"అన్నా, గిది జూడు, మస్తు పనికొస్తది" అంటూ ఒకే మెసేజ్ నాకు నాలుగు దిక్కుల నుంచి వస్తోంది. నల్లగొండ దోస్తులు పంపారు, మిర్యాలగూడ నుంచి మా బామ్మర్ది పంపాడు, జడ్చర్ల నుంచి సరిగ్గా ముఖపరిచయం కూడా లేని ఒకాయన పంపాడు. అందులో ఉన్నది ఇదీ: బుల్లెట్ ఇంజన్‌లో టకటక వస్తే లిఫ్టర్లు (వాల్వులను తెరిచే కడ్డీల కింద ఆయిల్‌తో నిండి ఉండే ముక్కలు) పోయినట్టే. అర లీటర్ కిరోసిన్, అది దొరక్కపోతే డీజిల్, ఇంజన్ ఆయిల్‌లో కలిపి ఇరవై నిమిషాలు బండిని ఐడిలింగ్‌లో ఉంచాలి. తగ్గకపోతే ట్యాపెట్లు (వాల్వు సందు సెట్ చేసేవి) టైట్ చేయించాలి. చిక్కటి 20డబ్ల్యూ50 ఆయిల్ పోయాలి. అప్పటికీ తగ్గకపోతే కొత్త లిఫ్టర్లు వేసి నేరుగా స్టార్ట్ చేయాలి, ఆయిల్ దానంతట అదే ఎక్కుతుంది. ఆఖర్న ఒక రహస్యం: పార్టులు అమ్ముకోవడానికే కంపెనీ ఈ లిఫ్టర్లు పెట్టిందట.

రహస్యం సంగతి ముందు తేల్చేస్తాను. హైడ్రాలిక్ లిఫ్టర్ పెట్టేది మాటిమాటికీ ట్యాపెట్ సెట్టింగ్ చేసే పని తప్పించడానికి. 1990ల నాటి మజ్డా మియాటా స్పోర్ట్స్ కారులోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది, అదీ పాతబడితే ఇలాగే టకటకమంటుంది. ఇందులో కుట్ర ఏమీ లేదు.

ఇక అసలు విషయం. మెసేజ్ రాసినాయన "బుల్లెట్" అని ఒక్క మాట రాసి వదిలేశాడు. ఏ బుల్లెట్? పాత కాస్ట్ ఐరన్ ఇంజన్‌కు హైడ్రాలిక్ లిఫ్టర్లే లేవు, పుష్‌రాడ్ (వాల్వును తెరిచే పొడవాటి కడ్డీ) కింద నట్టు తిప్పి సెట్ చేసుకునే మామూలు ట్యాపెట్లు ఉంటాయి. 2009లో అదే కంపెనీ క్లాసిక్ బండితో ఊరూరా పాకిన యూసీఈ (ఇంజన్, గేర్‌బాక్సు ఒకే పెట్టెలో ఉండే) ఇంజన్‌కు హైడ్రాలిక్ లిఫ్టర్లు. 2020లో మీటియర్ బండితో వచ్చిన కొత్త ఇంజన్‌లో పుష్‌రాడ్లే లేవు, మళ్లీ స్క్రూ ట్యాపెట్లే. మూడు రకాల ఇంజన్లకు ఒకే మందు రాసిచ్చేవాణ్ణి ఏమనాలి?

"ట్యాపెట్లు టైట్ చేయించండి" అన్న సలహా అక్కడే చచ్చిపోయింది. యూసీఈలో టైట్ చేయడానికి స్క్రూ ఎక్కడుందో చూపించమనండి. పాత ఇంజన్‌లో ఉంది నిజమే, కానీ సౌండ్ పోయేదాకా బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోక సీటింగ్ కాలిపోతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్ కంప్రెషన్‌లో పైకొచ్చినప్పుడు, పుష్‌రాడ్ పైకీ కిందికీ ఆడకూడదు, రెండు వేళ్లతో తిప్పితే మాత్రం హాయిగా తిరగాలి. సెట్టింగ్ అంటే అదీ.

టకటక విన్న వెంటనే లిఫ్టర్లు అనేయడం కూడా తొందరపాటే. రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు టకటకమని సర్దుకుంటే అది జబ్బు కాదు, లిఫ్టర్‌లోంచి జారిన ఆయిల్ మళ్లీ ఎక్కుతోంది. ఐడిలింగ్ మరీ తగ్గిపోయినప్పుడు మాత్రమే కొట్టుకుని, కొంచెం రేజ్ చేయగానే ఆగిపోతే డీకంప్రెసర్ (స్టార్టింగ్ తేలిగ్గా కావడానికి కంప్రెషన్ తగ్గించే ఏర్పాటు) మీద అనుమానపడండి. హెడ్ దగ్గర బెండ్ పైపు (పొగ గొట్టం) జాయింట్ చుట్టూ నల్లగా మసి కనిపిస్తే అది గ్యాస్ లీకు. అచ్చం ట్యాపెట్ సౌండ్‌లాగే వినిపిస్తుంది, రబ్బరు గొట్టం చెవి దగ్గర పెట్టుకుని రెండో కొస జాయింట్ చుట్టూ తిప్పితే దొరికిపోతుంది. పై గేర్‌లో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే వచ్చే గలగల వేరే రోగం. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా, రేజ్ చేసినకొద్దీ వేగం పెంచుకుంటూ, ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి చొప్పున కొట్టుకుంటూనే ఉంటే అప్పుడు లిఫ్టర్ల వైపు చూడాలి. అంతకంటే ముందు బండిని డబుల్ స్టాండ్ వేసి ఆయిల్ లెవెల్ చూడండి. పక్కనున్న చిన్న అద్దంలో ఆయిల్ కనిపించకుండానే లిఫ్టర్ల ధర అడిగేవాళ్లను నేను చూశాను.

ఇప్పుడు కిరోసిన్. ఒంటి మీద కారం చల్లినట్టు ఉంటుంది నాకు ఈ సలహా చదివితే. లిఫ్టర్ పని చేసేదే లోపల నిండిన ఆయిల్ గట్టితనం మీద. దాని పొట్టలో ఒక చిన్న ప్లంజర్, కింద ఒక బుల్లి గోళీ వాల్వు, ఒక స్ప్రింగ్. ఆయిల్ లోపలికి వస్తుంది, గోళీ దాన్ని వెనక్కి పోనివ్వదు. ఆయిల్‌ను పలచన చేశారంటే ఆ సందుల్లోంచి ఇంకా త్వరగా కారిపోతుంది, అంటే టకటక పెరుగుతుంది. తగ్గించడానికి పోసినదే పెంచుతుంది. అదొక్కటేనా? యూసీఈలో ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ క్లచ్‌కూ ఒకటే ఆయిల్. మీరు పోసిన కిరోసిన్ గేర్ పళ్ల మీదికీ, క్యామ్‌ల (తిరుగుతూ లిఫ్టర్లను ఎత్తేవి) మీదికీ, పిస్టన్ గోడల మీదికీ పోతుంది. పైగా ఇరవై నిమిషాలు నిలబెట్టి నడపమంటున్నాడు! గాలికి చల్లారే ఇంజన్ అది. మే నెలలో, మన దగ్గర 45 డిగ్రీల ఎండలో, గాలి తగలకుండా అంతసేపు నిలబెడితే మంచి ఆయిల్‌తోనే కుతకుతలాడుతుంది. అందులో కిరోసిన్ కలిపి, బ్రీదర్ పైపులోంచి ఆవిరి వస్తుంటే పక్కన నిలబడమంటారా? రాసినాయన తన బండిలో పోసుకుని చూపించాలి ముందు.

ఇంకోటి. ఏళ్ల తరబడి అడుగున పట్టిన మడ్డి కిరోసిన్‌కు ఒక్కసారిగా ఊడుతుంది. ఊడి ఎక్కడికి పోతుంది? కొంత ఫిల్టర్‌లో ఆగుతుంది, మిగతాది సన్న రంధ్రాల్లోకే పోతుంది. అన్నిటికంటే సన్న రంధ్రాలు లిఫ్టర్లవే. మా దోస్తు ఒకడు ఈ వైద్యం చేయించుకున్నాడు. అంతకుముందు పొద్దున మాత్రమే టకటకమన్న బండి ఆ తర్వాత సాగర్ రోడ్డులో రోజంతా కొట్టుకుంది.

కిరోసిన్‌కు ఇందులో చోటు ఒక్కటే: లిఫ్టర్‌ను బయటికి తీసి గిన్నెలో ముంచి కడగడం. కడిగి, ఆరబెట్టి, ఆయిల్ నింపి బొటనవేలితో నొక్కండి. రాయిలా నిలబడితే మంచిదే, స్పాంజిలా దిగిపోతే పడేయండి.

20డబ్ల్యూ50 మాట మీద మాత్రం నేను పోట్లాడను. కంపెనీ చెప్పింది 15డబ్ల్యూ50, నేను పోసేదీ అదే. కానీ రెండింటికీ వేడి మీది నంబర్ 50యే, తేడా అంతా చలి స్టార్టింగ్‌లో. నల్లగొండ, మహబూబ్‌నగర్ చలి ఎంతని? ఆ ఒక్క లైనూ పెద్దగా హాని చేయదు. డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్‌లో మునిగి ఉండే బైకు క్లచ్‌కు పనికొస్తుందని చెప్పే గుర్తు) అని ఉందో లేదో చూసుకోండి, కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. నిజం చెప్పాలంటే, సకాలంలో ఆయిల్, ఫిల్టర్ మార్చినందుకే సద్దుమణిగిన బండ్లు చాలా ఉన్నాయి.

కొత్త లిఫ్టర్లు వేసి నేరుగా స్టార్ట్ చేయమన్నది రెండో పెద్ద తప్పు. ఖాళీ లిఫ్టర్ క్యామ్ మీద సుత్తిలా కొడుతుంది. గ్లాసులో ఇంజన్ ఆయిల్ పోసి లిఫ్టర్ ముంచండి, సన్నటి కడ్డీతో ప్లంజర్‌ను నొక్కుతూ వదులుతూ ఉండండి. మొదట బుడగలు బుసబుసా వస్తాయి, తర్వాత ఒక్కొక్కటిగా, ఆ తర్వాత ఆగిపోయి కడ్డీ కింద గట్టిగా తగులుతుంది. అప్పుడు వేయాలి, జంటగా వేయాలి. పుష్‌రాడ్లు ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకుని అక్కడికే చేర్చాలి, క్యామ్ మీద గీతలు పడ్డాయేమో చూడాలి. నిండిన లిఫ్టర్ మొదట ఎత్తుగా నిలిచి వాల్వును కాస్త తెరిచి ఉంచుతుంది. అందుకే బిగించాక కాసేపు ఓపిక పట్టి, పుష్‌రాడ్లు వేళ్లతో తిరిగే దాకా సెల్ఫ్ ముట్టుకోకూడదు.

మెసేజ్ నమ్మి ఇప్పటికే కిరోసిన్ పోసినవాళ్లు బండి స్టార్ట్ చేయకండి. ఉన్నదంతా దించి, ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ పోసి, కొద్ది దూరం మెల్లగా నడిపి, ఆ ఆయిల్‌నూ దించేసి మళ్లీ కొత్తది పోయండి. డబ్బా ఖర్చు రెండింతలు అవుతుంది. లిఫ్టర్ల బిల్లు కన్నా తక్కువే.