పింగ్ రానిది సముద్రం పక్కన ఉన్నందుకు కాదు

అమలాపురం, నరసాపురం, భీమవరం వైపు గేమింగ్ గ్రూపుల్లో ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నదిది: మన డెల్టా ఊళ్ళు సముద్రం పక్కన, లైనుకు చిట్టచివర ఉంటాయి కాబట్టి మనకు మంచి పింగ్ రాదు (మనం పంపిన సంకేతం సర్వర్‌కు, అంటే ఆటను నడిపే కంప్యూటర్‌కు, వెళ్ళి రావడానికి పట్టే మిల్లీసెకన్లే పింగ్; ఎంత తక్కువైతే అంత మంచిది). లాగ్ (ఆట ఆలస్యంగా స్పందించడం) పోవాలంటే 200 ఎంబీపీఎస్ ప్లాన్ వేయించుకోవాలి, డీఎన్ఎస్ 8.8.8.8 పెట్టాలి, పింగ్ బూస్టర్ యాప్ వేసుకోవాలి, కుదిరితే కేబుల్ తీసేసి 5జీకి మారాలి. వానొస్తే ఫైబర్‌లోకి నీళ్ళు దిగి ఆట స్టక్ అవుతుంది. గోడ వెనక్కి వెళ్ళాక కూడా చచ్చిపోయామంటే అవతలివాడు హ్యాకరే (దొంగ సాఫ్ట్‌వేర్‌తో ఆడేవాడే).

ఇది నమ్మి ఇంట్లో పోట్లాడి ప్లాన్ మార్పించుకున్న కుర్రాళ్ళు నాకు తెలుసు. డబ్బు పోయింది, లాగ్ పోలేదు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందు ఆ సముద్రం సంగతి. అన్నిటికంటే ఎక్కువ చేటు చేస్తున్నది ఆ మాటే. మన ఊరింతే అనుకుని బాగా ఆడేవాళ్ళు కూడా టోర్నమెంటుకు పేరివ్వడం మానేస్తున్నారు. ఫైబర్ అంటే సన్నటి గాజు తీగ. అందులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అమలాపురం నుంచి ముంబై తిన్నగా కొలిస్తే ఇంచుమించు 1000 కిలోమీటర్లు. తీగ తిన్నగా పోదు కాబట్టి చుట్టూ తిరిగి 1500 అయిందనుకుందాం. వెళ్ళి రావడానికి పట్టేది 15 మిల్లీసెకన్లు. దారిలో ఉన్న యంత్రాలు తీసుకునే టైము కలుపుకొన్నా ముంబై సర్వర్‌కు 30, 40 పింగ్ రావాలి. హైదరాబాద్‌లో ఆడేవాడికీ మనకీ దూరం వల్ల వచ్చే తేడా ఐదారు మిల్లీసెకన్లు. సెకనుకు 60 బొమ్మలు (60 ఎఫ్‌పీఎస్) చూపించే ఫోన్‌లో ఒక్క బొమ్మ, అంటే ఫ్రేమ్, మారడానికే 16 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. అంటే ఆ తేడా ఒక ఫ్రేమ్‌లో మూడో వంతుకు అటూ ఇటూ, అంతే.

దూరం నిజంగా దెబ్బ కొట్టేది సర్వర్ వేరే దేశంలో పడినప్పుడు. వాలరెంట్ అనే షూటింగ్ గేముకు ముంబైలో సర్వర్లున్నాయి. అదే ఆట సింగపూర్‌లో పడితే చెన్నై నుంచి సముద్రం అడుగున 3000 కిలోమీటర్ల పైచిలుకు తీగ దాటాలి, రానూపోనూ ఇంకో 30 మిల్లీసెకన్లు కచ్చితంగా కలుస్తాయి. ఆ బాధ రాజోలు వాడికీ హైదరాబాద్ వాడికీ ఒకటే. కాబట్టి గేమ్ సెట్టింగుల్లో ఏ సర్వర్ ఉందో ఒకసారి చూసుకోండి.

ఇక 200 ఎంబీపీఎస్. ఎంబీపీఎస్ చెప్పేది సెకనుకు ఎంత డేటా వస్తుందో, అంతే. పింగ్ చెప్పేది ఒక చిన్న ప్యాకెట్ (డేటా ముక్క) వెళ్ళి రావడానికి ఎంతసేపు పట్టిందో. ఆటకు కావలసిన డేటా చాలా తక్కువ. మీ ఫోన్‌లో డేటా వాడకం చూడండి, చాలా మొబైల్ షూటింగ్ గేములకు గంటకు 100 ఎంబీ కూడా అవదు. లెక్క కడితే (ఒక ఎంబీకి 8 మెగాబిట్లు) సెకనుకు పావు మెగాబిట్ లోపే. 40 ఎంబీపీఎస్ ప్లాన్‌లో అందులో నూరో వంతు కూడా వాడని ఆట, 200 ఇస్తే మాత్రం ఏం చేసుకుంటుంది? అప్‌డేట్ త్వరగా దిగుతుంది, నిజమే. ఇంట్లో నలుగురు ఒకేసారి సినిమాలు చూస్తుంటే పెద్ద ప్లాన్ కొంత పనికొస్తుంది, అదీ నిజమే. ఒక్కడు ఆడుకునే ఆటలో పింగ్ తగ్గడానికి మాత్రం పనికిరాదు.

మరి లాగ్ ఎక్కడి నుంచి వస్తోంది? నేను చూసినంతలో ఎక్కువగా ఇంట్లోనే పుడుతోంది. రాజోలు దగ్గర తెలిసినవాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆ ఇంటాయన, "నెలనెలా ఎక్కువే కడుతున్నామండీ, ఆయ్, అయినా వీడు ఫోన్ పట్టుకుని అరుస్తూనే ఉంటాడు" అన్నారు. రౌటర్ హాల్లో టీవీ వెనకాల ఉంది, పక్కనే ఇనప బీరువా. కుర్రాడు ఆడేది మేడ మీద గదిలో. ఆట పక్కన పెట్టించి, ఫోన్‌లో ఒక పింగ్ యాప్ వేసి 192.168.1.1 కొట్టాం. అది చాలా ఇళ్ళలో రౌటర్ అడ్రసు. రౌటర్ పక్కన నిలబడితే 2, 3, 2, 3 మిల్లీసెకన్లు. మేడ మీదకు వెళ్ళగానే 5, 9, 140, 7, 260, ఆ తర్వాత ఒక ప్యాకెట్ అసలు రానేలేదు. ఇంటి గడప దాటకముందే 260 అయితే కేబుల్ అతను ఏం చేస్తాడు, ముంబై సర్వర్ ఏం చేస్తుంది?

వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది, కానీ అందులో ఒకదానికొకటి అడ్డం రాని ఛానెళ్ళు మూడే: 1, 6, 11. పక్కిళ్ళ రౌటర్లూ బ్లూటూత్ ఇయర్‌ఫోన్లూ అన్నీ అక్కడే. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ, కానీ కాంక్రీటు గోడ దగ్గర నీరసపడుతుంది. అందుకని ఫోన్‌లో ఆడేవాళ్ళు రౌటర్ ఉన్న గదిలోనే 5 గిగాహెర్ట్జ్‌కు కనెక్ట్ అయి ఆడాలి, పీసీ ఉన్నవాళ్ళు రౌటర్ నుంచి లాన్ కేబుల్ లాక్కోవాలి. ఆ ఇంట్లో కుర్రాడు హాల్లోకి వచ్చి ఆడాడు. అదే ప్లాన్, అదే ఫోన్, పింగ్ 40 దాటలేదు.

రెండో కారణం క్యూ. ఆట మంచి ఊపులో ఉండగా అక్క ఫోన్ పెళ్ళి ఫోటోలు బ్యాకప్ మొదలుపెడుతుంది. మన ప్లాన్లు కొన్నిట్లో అప్‌లోడ్ తక్కువ. ఆ ఫోటోల ప్యాకెట్లన్నీ రౌటర్‌లో బారులు తీరతాయి, ఆట పంపిన చిన్న ప్యాకెట్ వాటి వెనక నిలబడుతుంది. నరసాపురం రేవులో సఖినేటిపల్లి పంటు కోసం కార్ల వెనక ఇరుక్కున్న సైకిల్ లాగా. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. రౌటర్‌లో క్యూఓఎస్ గానీ ఎస్‌క్యూఎం గానీ (ఏ ప్యాకెట్ ముందు పోవాలో చూసే సెట్టింగులు) ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితి ప్లాన్‌లో ఉన్నదానికన్నా కాస్త తక్కువ పెట్టండి. లేదంటే బ్యాకప్ రాత్రి పడుకున్నాక జరిగేలా పెట్టమని అక్కను బతిమాలుకోండి.

డీఎన్ఎస్ గురించి రెండు ముక్కలు చాలు. అది సర్వర్ పేరు చెబితే అడ్రసు వెతికిపెడుతుంది. ఆ పని ఆట మొదలవకముందే అయిపోతుంది. మ్యాచ్ నడుస్తుండగా దానితో పనే లేదు.

పింగ్ బూస్టర్ యాప్‌లలో చాలా వరకు వీపీఎన్‌లే. మీ ప్యాకెట్ తిన్నగా ముంబై పోకుండా ముందు వాళ్ళ సర్వర్‌కు పోయి, అక్కడి నుంచి ముంబై వెళ్తుంది. దారి పెరిగితే పింగ్ పెరుగుతుంది. మీ నెట్ కంపెనీ దారి మరీ అడ్డదిడ్డంగా ఉన్నప్పుడు, ముంబై వెళ్ళాల్సింది సింగపూర్ తిరిగి వస్తున్నప్పుడు, మంచి వీపీఎన్ పనికొచ్చే మాట వాస్తవం. పీసీలో ట్రేస్‌రూట్ (ప్యాకెట్ ఏయే మజిలీల మీదుగా పోతోందో చూపే కమాండ్) కొడితే ఆ దారి కొంతవరకు బయటపడుతుంది. అది చూడకుండా ఊరూపేరూ లేని ఉచిత యాప్ చేతిలో మన ట్రాఫిక్ అంతా పెట్టడం నాకు భయం.

వాన మాటలో సగం నిజముంది. గాజులో పోయే వెలుగుకు వానతో సంబంధం లేదు. కానీ మన దగ్గర చాలా చోట్ల తీగ భూమిలో లేదు, కరెంటు స్తంభాల మీద వేలాడుతోంది. ఈదురుగాలికి కొబ్బరి మట్ట పడితే తెగుతుంది. జాయింట్ బాక్సు మూత సరిగా లేకపోతే చెమ్మ చేరి సిగ్నల్ నీరసిస్తుంది. వీధిలో కరెంటు పోతే, మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా ఆపరేటర్ దగ్గర బ్యాటరీ లేకపోతే నెట్ ఉండదు. ఇవన్నీ నెట్ పోవడాలు. బాక్సు మీద ఎర్ర లైటు వెలుగుతుంటే ఫైబర్‌లో వెలుగు రావడం లేదని అర్థం, అప్పుడు ఆపరేటర్‌కు ఫోన్ చేయాల్సిందే. లైట్లన్నీ పచ్చగా ఉండి ఆట ఆగుతుంటే పైన చెప్పినట్టు రౌటర్‌కు పింగ్ కొట్టండి. రౌటర్‌కు 3 వచ్చి, బయటకు 200 వస్తుంటే ఆ రెండంకెలూ టైముతో సహా స్క్రీన్‌షాట్ తీసి పంపండి. "నెట్ స్లోగా ఉందండీ" అంటే స్పీడ్ టెస్ట్ చేసి చూపించి వెళ్ళిపోతారు. స్పీడ్ టెస్ట్ దగ్గర్లోని సర్వర్‌ను ఎంచుకుంటుంది, మీ గేమ్ సర్వర్‌ను కాదు.

5జీ మంచిదే, కానీ టవర్ ఊరందరిదీ. సాయంత్రం ఏడు దాటాక అందరూ ఒకేసారి వీడియోలు చూస్తుంటే పింగ్ 35కీ 150కీ మధ్య గంతులేస్తుంది. నిలకడగా 60 ఉంటే ఆడుకోవచ్చు, గంతులేసే 35తో ఆడలేం. సంక్రాంతి మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. వేరే ఊళ్ళలో ఉండేవాళ్ళంతా దిగి, పందాల బరుల దగ్గర లైవ్ పెడతారు. ఇంట్లో ఫైబర్ ఉంటే తీయించకండి.

మెసేజ్‌లో లేనిది ఒకటి చెప్పాలి. మే నెలలో మన ఉక్కపోతకు ఫోన్ బాగా వేడెక్కుతుంది, ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. పింగ్ అంకె పచ్చగా ఉండి బొమ్మ మాత్రం తడబడుతుంటే అది నెట్ తప్పు కాదు. కవర్ తీసి, ఛార్జింగ్ పీకి, గ్రాఫిక్స్ తగ్గించి చూడండి.

చివరగా హ్యాకర్ మాట. మీరు గోడ చాటుకు వెళ్ళిన వార్త సర్వర్ మీదుగా అవతలివాడి స్క్రీన్‌కు చేరడానికి కొంత టైము పడుతుంది. ఈలోగా వాడికి మీరింకా బయటే కనిపిస్తారు. వాడు కాల్చిన తూటా సర్వర్‌కు చేరాక, కాల్చిన క్షణంలో వాడికి మీరెక్కడ కనిపించారో సర్వర్ వెనక్కి లెక్కవేసి చూస్తుంది. అప్పుడు తగిలితే తగిలినట్టే. దీన్ని లాగ్ కాంపెన్సేషన్ అంటారు, వాల్వ్ అనే గేముల కంపెనీ 2001లోనే దీని గురించి వివరంగా రాసింది. అంతా కలిపి 180 మిల్లీసెకన్లు అయిందనుకోండి, పరుగెత్తే మనిషి ఆ కాస్తలో మీటరు దూరం పోతాడు. మీ స్క్రీన్‌లో మీరు గోడ వెనక మీటరు లోపల ఉన్నారు, వాడి స్క్రీన్‌లో గోడ అంచున ఉన్నారు. డెత్ రీప్లే ఉన్న గేముల్లో అది పెట్టి చూడండి, వాడి కంటికి మీరు కనిపించారో లేదో తెలుస్తుంది. అందులోనూ గోడలోంచే తూటా వచ్చినట్టుంటే అప్పుడు రిపోర్ట్ కొట్టండి.