పదహారో లెవెల్ విలన్ క్యారెక్టర్ షీటుకు ఒక విన్నపం

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి.

మహారాజశ్రీ క్యారెక్టర్ షీటు గారి దివ్యసముఖానికి,

క్షేమమా అని అడగను. ఆమధ్య మా డాబా మీద జరిగిన డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో, అదే, ఒక్కో పాత్ర బలాబలాలు షీటు మీద రాసుకుని డైస్ వేస్తూ కథ నడిపే ఆటలో, తమరికి జరిగింది కళ్లారా చూశాను. ఆ ఆట రూల్స్ మూడున్నర ఎడిషన్‌లో ఒక రౌండంటే ఆరు సెకన్లు. తమరు నిలిచింది ఒకటిన్నర రౌండు. పదకొండు రాత్రులు కూర్చుని కట్టిన విలన్ తొమ్మిది సెకన్లలో పోయాడు. నూనెలో వేసిన అప్పడానికైనా అంతకన్నా మర్యాద జరుగుతుంది.

నేనేం తక్కువ చేశాను? తమరు లిచ్, అంటే చచ్చాక కూడా పదవి వదలని మాంత్రికుడు. చలి అంటదు, కరెంటు కొట్టదు, మనసును లొంగదీసే మంత్రాలు పారవు. ఆయుధం దెబ్బ ఏది తగిలినా 15 తగ్గించి లెక్కేయాలి, మంత్రించిన గదలాంటిదైతే తప్ప. ప్రాణం విడిగా దాచుకునే పెట్టె చేయించడానికే 1,20,000 బంగారు నాణేలు. చచ్చినవారు కనుక కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దిట్టతనం) గడిలో అంకె ఉండదు, గీత ఉంటుంది. లా చదువుతున్న మా మరదలు ఆ గడి చూసి, "కాన్‌స్టిట్యూషన్ లేకుండానే ఏలుతున్నాడా!" అంది. మొదటి జీతం అందుకున్నప్పుడు కూడా నాకంత గర్వం కలగలేదు.

తీరా ఇనీషియేటివ్‌కి, అంటే ఎవరి వంతు ముందో తేల్చడానికి, ఇరవై ముఖాల డైస్ వేస్తే తమరికి 2 పడింది. అవతల అయిదుగురు. తమరి వంతు వచ్చేలోపే మా బావమరిది ఆడించే బార్బేరియన్ అనే మోటు యోధుడు వచ్చి తమరిని కావలించుకున్నాడు. పుస్తకంలో దాన్ని గ్రాపిల్ అంటారు. మాంత్రికుడికి బలమెందుకని ఆ గడిలో 8 వేసి ఊరుకున్నాను కదా, పట్టు వదిలించుకోలేకపోయారు. చేతులు ఆడకపోతే చాలా మంత్రాలు పలకవు. నోటితో పలికితే చాలు, మాయమై ఇంకోచోట తేలే టెలిపోర్ట్ మంత్రం ఉండుంటే బతికేవారు. కానీ ఆ లెవెల్ సార్సరర్‌కు, అంటే తమరి తరహా మాంత్రికుడికి, అయిదో స్థాయి మంత్రాలు నాలుగే దక్కుతాయి. నాలుగూ కొట్టేవే పెట్టాను. పారిపోవడం విలన్‌కు నామోషీ అనుకున్నాను. తాకితే పక్షవాతం తెప్పించే చెయ్యి ఉంది, తాకారు. తట్టుకోవడానికి బావమరిది డైస్ వేశాడు, 20. పక్షవాతం అంటలేదు. ఆ తర్వాత వాళ్లలో పూజారి పాత్ర క్లెరిక్ నింపాదిగా మంత్రించిన గద తీశాడు.

అసలు పరువు అంతకుముందే పోయింది. తమరు గుమ్మంలో కనబడగానే మా అక్క, "ముందు వీడి చిలక ఎక్కడుందో చూడండ్రా" అంది. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉంటుందని ఉగ్గుపాలనాడే విన్న జనం వీళ్లు. వీళ్ల ముందు ఆ ప్రాణప్పెట్టెకు ఫైలాక్టరీ అని గ్రీకు పేరు పెట్టి ఏడు గదుల వెనక దాచాను!

తమరి మూలపురుషుడి సంగతీ చెప్పుకోవాలి. 2003లో నెట్‌లో మొదలైన ద ఆర్డర్ ఆఫ్ ద స్టిక్ కామిక్‌లోని లిచ్ సార్సరర్ ఆయన. అందులో మనుషులంతా గీతబొమ్మలే. ఆ కామిక్ పాత సంపుటాలు మళ్లీ అచ్చువేయడానికి 2012లో పాఠకులు 12 లక్షల డాలర్లకు పైగా పోగేశారు. నేను ఆయన ఎముకలు కాపీ కొట్టాను, మంత్రాలు కాపీ కొట్టాను. ఆయనకు విసుగొస్తుంది, జోకులేస్తాడు, పక్కనున్నవాణ్ణి అవమానించకపోతే పొద్దుపోదు. నవ్విస్తూనే చంపుతాడు. వీటికి తమరిలో గడి లేదు. చరిష్మా 28 అని మాత్రం ఉంది.

మా ఒడిశాలోనే బర్గఢ్ ధనుయాత్ర అనే వీధినాటకంలో కంసుడు ఏనుగెక్కి 11 రోజులు ఊరేలుతూ, ఎదురుపడ్డ ఆఫీసర్లకు జరిమానాలు వేస్తాడు. ఆయన బలమెంతో ఎవరైనా అడిగారా?

పోనీ తమరి చేత మాట్లాడించానా అంటే, మాట్లాడించాను. "ఓరీ దుర్మతులారా, నా ప్రతాపమెరుంగక..." వాడుక భాష కోసం కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో! ఎవరో కారప్పూస నములుతున్న చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు.

ఇక అసలు సంగతి. ప్రాణప్పెట్టె అవతలి రాజ్యం కొలిమిలోనే కరుగుతుందని నేనే రాసి పెట్టాను. వాళ్లు పెట్టె చంకన పెట్టుకుని సరిహద్దు కోట గేటు దగ్గరికొచ్చి, "ఇక్కడెవరైనా ఉన్నారా?" అన్నారు. నా దగ్గర షీటూ లేదు, పేరూ లేదు. నోటికొచ్చిన గుమస్తాను కిటికీ వెనక కూర్చోబెట్టాను.

"ఏటి బావూ అది? పెట్టికి బిల్లుందా?"

లేదన్నారు.

"అయితే ఫారం నింపాల. ఒడియాలో. తెలుగులో చెల్లదు."

నింపించుకొచ్చారు.

"ఇది అటేపు సరుకు. అటేపోళ్ల ముద్ర కావాల."

అటువైపు వెళ్తే వాడు ముందు ఇటువైపు ముద్ర చూపించమన్నాడు. లంచం ఇవ్వబోతే గుమస్తా పుచ్చుకోలేదు. అది వాళ్లను ఇంకా కుంగదీసింది. చివరికి "కాలి ఆసంతు" అని, అంటే రేపు రమ్మని, కిటికీ మూసేశాడు.

1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసిన ఊరు మాది. టీ తాగి వచ్చేంత దూరంలో పాతపట్నం, అది ఆంధ్ర. కాగితం పట్టుకుని ఇటూ అటూ తిరగడం మాకెవరూ నేర్పక్కర్లేదు. మూడు ఆదివారాలుగా ఆట ఆ కిటికీ దగ్గరే ఉంది. బావమరిది నిద్రలో ఆ గుమస్తాను తిడుతున్నాడట. నిన్నగాక మొన్న తమరిని చంపినవాడు, తమరి పేరడిగితే గుర్తులేదన్నాడు. ఇవాళ మా అక్క తన పాత్రకు రెండు పాస్‌పోర్ట్ ఫొటోలు స్కెచ్ పెన్నులతో గీసి మరీ తెచ్చింది. వెనక తెల్లగా ఉండాలన్నాడు గుమస్తా. అక్క నా వైపు చూసిన చూపు తమరి మీద ఒక్కసారి కూడా పడలేదు, సారీ.

అయినా తమరికో శుభవార్త. పెట్టె పగలనంతకాలం లిచ్ 1 నుంచి 10 రోజుల్లో మళ్లీ లేస్తాడని రూలు. డైస్ వేశాను, 4 పడింది. ఆటలో వాళ్లు తమరిని చంపి గేటు దగ్గర పడిగాపులు మొదలుపెట్టి మూడు రోజులైంది. అంటే రేపే. మా ఆటలో లేచేది పెట్టె పక్కనే కాబట్టి, తమరు కళ్లు తెరిచేది సరిగ్గా ఆ లైన్లోనే. వచ్చేటప్పుడు తమరి మరణ ధ్రువీకరణ పత్రం తెచ్చుకోండి. మూడు జిరాక్సులు. ఒడియాలో.

ఇట్లు,
తమరి గేమ్ మాస్టర్