టామీ అట్కిన్స్ గారికి పళ్ళ సందుల్లోంచి ఒక లేఖ

మహారాజశ్రీ టామీ అట్కిన్స్ మామిడిపండు గారికి,

ఈ ఉత్తరం ఒంటిచేత్తో టైపు చేస్తున్నాను, తప్పులుంటే మన్నించండి. రెండో చెయ్యి టూత్‌పిక్‌తో బిజీగా ఉంది. తమరి ముక్క ఒకటి తిని ఇరవై నిమిషాలైంది. కండ కడుపులోకి వెళ్ళింది గానీ పీచు మాత్రం రానని మొండికేసి కూర్చుంది. దంతాలనీ ఫలాలనీ తెలుగులో ఒకే మాటతో పళ్ళు అని ఎందుకంటారో ఇవాళ తెలిసొచ్చింది. తమరు రెండింటినీ కలిపి కుట్టేశారు.

ముందు తమరి అందం గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. ఏం రంగండీ అది! ఎర్రటి బుగ్గ, దాని మీద పల్చగా ఊదా నీడ, అంచున కాస్త పసుపు. నలుగురు చిత్రకారులు కలిసి కూర్చుని గీసినట్టుంటారు. అట్టపెట్టెలో వరసగా పేరిస్తే పెళ్ళి ఫొటోలో మగపెళ్ళివారిలా నిండుగా కనిపిస్తారు. ఆ రంగు చూసే కొన్నాను. ఇంటికొచ్చాక చదివాను, ఆ ఎరుపుకీ పండటానికీ సంబంధమే లేదని. తొక్కలో ఆంథోసయనిన్లనే రంగు పదార్థాలుంటాయి. వాటికి కావలసింది ఎండ, తీపి కాదు. ఎండ తగిలిన వైపు తమరు పచ్చికాయగా ఉండగానే ఎర్రబడిపోతారు. అంటే తమరి బుగ్గ చెప్పేదల్లా కొమ్మ మీద తమరు ఏ వైపుకి తిరిగి కూర్చున్నారనేదే. కాయ ముదిరిందో లేదో తెలియాలంటే తొడిమ చుట్టూ భుజాలు ఉబ్బాయో లేదో చూడాలట. భుజాలు చూసి పండు కొనేంత తీరిక ఎవరికుందండీ? బుగ్గ చూసి బుట్టలో వేసుకుంటాం. అది మాకంటే ముందు తమరికి తెలుసు.

ఇక తమరి వంశం. అదేం చిన్నది కాదు. 1889లో అమెరికా వ్యవసాయశాఖ వాళ్ళు భారతదేశం నుంచి ముల్గోబా అనే మామిడి రకం అంటుమొక్కలు తెప్పించి ఫ్లోరిడాలో నాటించారు. 1894-95 చలికాలంలో గడ్డకట్టే చలికి ఒక్కటి తప్ప అన్నీ చచ్చిపోయాయి. ఆ బతికిన చెట్టు కాయల టెంకల్ని హేడెన్ అనే కెప్టెన్ 1902లో కోకోనట్ గ్రోవ్‌లో పాతాడు. మరుసటి ఏడాదే ఆయన పోయాడు. భార్య ఆ మొక్కల్ని సాకింది. 1910లో ఒక చెట్టు కాసింది. దానికి ఆయన పేరే పెట్టారు. పాపం, తన పేరున్న పండు ఆయన నోటికి అందనే లేదు. ఆ హేడెన్ బిడ్డే తమరు.

ఇంతవరకూ గౌరవంగానే ఉంది. హేడెన్‌కి తల్లి ముల్గోబా సరే, రెండో వైపు వాళ్ళెవరని జన్యువులు పట్టుకుని లెక్క కట్టినవాళ్ళు అంచనా వేసి చెప్పిన పేరు టర్పెంటైన్. అవునండీ, అదే పేరుతో ఒక మామిడి రకం ఉంది. పెయింటర్లు బ్రష్షులు కడుక్కునే టర్పెంటైన్ వాసన వస్తుందనే దానికా పేరు. తమరిని ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్తగా రంగేసిన తలుపు ఎందుకు గుర్తొస్తుందో నాకప్పుడు అర్థమైంది.

నిందంతా తమరి మీదే వేయడం న్యాయం కాదు లెండి. ఈ వాసనలిచ్చే టర్పీన్లు ప్రతి మామిడిలోనూ ఉంటాయి, అవి లేకపోతే అది మామిడే కాదు. పాళ్ళలోనే ఉంది కిటుకంతా. ఆల్ఫాన్సోలో ఓసిమీన్ అనేది ముందుంటే, దాని వెనకాల మీగడలాంటి వాసనకి లాక్టోన్లు, పాకంలాంటి వాసనకి ఫ్యూరనోన్లు వచ్చి కచేరీ పూర్తిచేస్తాయి. తమరిలో పెత్తనమంతా కేరీన్ అనేదానిది. పైన్ చెట్ల జిగురులో ఉండే సరుకే అది. పక్కవాద్యాలు సెలవులో ఉన్నాయి. గాయకుడు మాత్రం మైకు వదలడు.

తమరి జీవితంలో నాకు బాగా నచ్చిన ఘట్టం 1950ల నాటిది. బ్రోవార్డ్ కౌంటీలో థామస్ అట్కిన్స్ గారి స్థలంలో పుట్టిన తమరిని ఫ్లోరిడా మ్యాంగో ఫోరమ్ అనే మామిడి పెంపకందార్ల సంఘం వాళ్ళ ముందు పెట్టారు. వాళ్ళు రుచి చూశారు. పీచెక్కువ, రుచి అంతంతమాత్రం అని పక్కన పెట్టేశారు. తమరు మళ్ళీ వెళ్ళారు. వాళ్ళు మళ్ళీ పక్కన పెట్టారు. ఇంకెవరైనా అయితే సిగ్గుపడి, వేరే రకాలకి అంటు కట్టే వేరుమొక్కగా బతికేవారు. తమరు అలా కాదు. నాలుకలున్న వాళ్ళతో పనికాదని తెలుసుకుని నేరుగా తోటల యజమానుల దగ్గరికి వెళ్ళారు. ఆ తర్వాత ఫ్లోరిడా అంతా తమరే, ఆ తర్వాత మెక్సికో, బ్రెజిల్. పరీక్షలో తప్పి కాలేజీకే ప్రిన్సిపాల్ అయిన వాళ్ళని చూశాను గానీ పండ్లలో ఈ రికార్డు తమరొక్కరిదే.

ఎందుకు అక్కున చేర్చుకున్నారంటే, కాపు బాగా కాస్తారు. మామిడికి పెద్ద శత్రువైన ఆంత్రాక్నోస్ మచ్చతెగులుని చాలామంది కంటే బాగా తట్టుకుంటారు. తొక్క మందం. కిందపడ్డా, పెట్టెలో నలిగినా కిమ్మనరు. కోశాక రోజుల తరబడి అలాగే నిలబడతారు. మెక్సికో, బ్రెజిల్ లాంటి చోట్ల నుంచి అమెరికా వెళ్ళే మామిడికి పండుఈగ పురుగు రాకుండా 46 డిగ్రీల వేడినీళ్ళలో స్నానం చేయిస్తారు, సైజుని బట్టి 65 నుంచి 110 నిమిషాల దాకా. అది కూడా ఓర్చుకుని, తుడుచుకుని, ఓడెక్కి కూర్చుంటారు. అదే స్నానం ఒక చిన్నరసానికి చేయిస్తే బయటికి తీయడానికి ఏమైనా మిగులుతుందా?

రసాల మాట వచ్చింది కాబట్టి పీచు గురించి ఒక ముక్క చెప్పాలి. పీచు ఉండటం నేరమని నేననను. చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం, వీటన్నిటిలోనూ పీచు దండిగా ఉంటుంది. కానీ ఆ పీచుకి ఉద్యోగముంది, రసాన్ని పట్టుకుని కూర్చోవడం. చేత్తో మెత్తగా పిసికి, పైన చిన్న చిల్లు పెట్టి నోటికి అందిస్తే, పీచు టెంక దగ్గరే ఉండిపోయి రసాన్ని మన దగ్గరికి పంపిస్తుంది. తమరిని అలా పిసికితే నా వేళ్ళే నలిగాయి. తమరి పీచుకి జీతముంది, డ్యూటీ లేదు.

పీచు వద్దనుకునేవాళ్ళకి బంగినపల్లి ఉంది. పల్చటి పసుపు తొక్క, కత్తి దింపితే ఎక్కడా తగలకుండా టెంక దాకా జారే కండ. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అది పచ్చగా ఉంటే పచ్చికాయ, పసుపెక్కితే పండు. మాట మీద నిలబడే మనిషిలాంటిది. తోతాపురి సంగతి చూడండి, అది తమరి లాగే గట్టిది, ఏటా కాస్తుంది, సువాసన విషయంలో గొప్పలకు పోదు. చిలుక ముక్కు పెట్టుకుని గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్ళి తన పని తాను చేసుకుంటుంది. బుగ్గకి రంగేసుకుని మొదటి వరసలో కూర్చోదు.

అయితే తమరి తరఫు వకీలు ఇక్కడ లేస్తాడని తెలుసు. లేవనివ్వండి, ఆయన చెప్పేదాంట్లో నిజముంది. రుచిగల దొరలంతా సాకలేని దొరలే. ఆల్ఫాన్సోని చూడండి, పైకి మచ్చలేని పండు, కోస్తే లోపల ఒకచోట కండ పాలిపోయి, స్పాంజిలా అయి, పుల్లగా ఉంటుంది. పైనుంచి చూసి కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. పైగా ఒక ఏడాది విరగకాస్తే మరుసటి ఏడాది అలక. దశేరి, లంగ్డా, చౌసాలదీ అదే తీరు. వాటికింకో పట్టింపు కూడా ఉంది, సొంత పుప్పొడితో కాయ కట్టవు. పక్కన వేరే రకం చెట్టు ఉండాల్సిందే. థాయిలాండ్ వారి నామ్ డాక్ మాయి పరిమళానికి పెట్టింది పేరు, ఆ పల్చటి తొక్క మీద గోరు తగిలినా మచ్చే. తమరి బంధువర్గంలోనే అర్విన్ అనే రకం ఉంది కదా, జపాన్‌లోని మియజాకీలో దాన్ని గ్రీన్‌హౌసుల్లో పెంచుతారు. ఒక్కో కాయ కింద వల కట్టి, అది పండి దానంతటదే రాలేదాకా ఎదురుచూస్తారు. రాజుగారి తొలిచూలు బిడ్డకి కూడా ఉయ్యాల కిందో వల కట్టి ఉండరు.

ఏడాదంతా నీళ్ళు, మందులు, కూలీలు పెట్టిన రైతుని అడగండి. ఈ ఏడు నా మనసు బాగాలేదు, కాయను అనే చెట్టు కావాలా, ఏటా పెట్టెలు నింపే చెట్టు కావాలా? తూకం యంత్రానికి నాలుక ఉండదు. ఆ రైతు మీద నాకు కోపం లేదు, ఆయన స్థానంలో నేనున్నా తమరినే నాటేవాణ్ణి.

కానీ ఒక చిక్కుంది. కాపూ రుచీ ఒకే చెట్టు మీద ఉండవనే మాట చెల్లదు. 1971లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ వాళ్ళు దశేరికి నీలంతో సంకరం చేసి ఆమ్రపాలిని తెచ్చారు. దశేరి తీపి వచ్చింది, ఏటా కాసే నీలం బుద్ధీ వచ్చింది. చెట్టు పొట్టిది. రెండున్నర మీటర్ల దూరంలో నాటితే హెక్టారుకి 1,600 మొక్కలు పడతాయి. కండ ముదురు నారింజ రంగు. లోపమల్లా కాయ చిన్నది, బుగ్గ ఎరుపు లేదు. అంతే. ఆ ఒక్క సబ్జెక్టులో మాత్రం తమరికి నూటికి నూరు.

పోనీ తమరైనా పూర్తిగా నమ్మదగినవారా అంటే, అదీ లేదు. పైకి రాయిలా ఉండి లోపల టెంక చుట్టూ జెల్లీలా జారిపోయే జబ్బు తమరికీ ఉంది. ఇవాళ్టి ముక్కల్లో సగం నార, సగం జిగురు. రెండు వేర్వేరు పళ్ళు కొన్నాననుకున్నాను.

ఇంకో విషయం తల్చుకుంటే కాస్త భయం వేస్తుంది. తమరంతా ఒక్కరే. బ్రెజిల్‌లో కోసిన తమరు, మెక్సికోలో కోసిన తమరు, అందరూ అట్కిన్స్ గారి ఆ ఒక్క చెట్టు నుంచి అంటు కట్టుకుంటూ వచ్చిన కొమ్మలే. ఫిలిప్పీన్స్ వారి కరబావో రకం టెంక పాతితే ఎక్కువగా తల్లి పోలికే వస్తుంది, ఆ జాతి టెంకలో ఒకటికి మించి మొలకలుంటాయి, వాటిలో చాలావరకు తల్లి నకళ్ళే. తమరి టెంకలో ఒక్కటే మొలక. అది ఎవరి పోలికతో పుడుతుందో తమరికే తెలీదు. తమరు పుట్టింది కూడా అలాగే, లాటరీలో. అంటే నా చెత్తబుట్టలో ఈ క్షణాన పడి ఉన్న తమరి టెంకలో పీచులేని, టర్పెంటైన్ వాసన లేని మహా మామిడి ఒకటి ఉండి ఉండొచ్చు. పాతితే కాయడానికి ఆరేళ్ళో పదేళ్ళో పడుతుంది. కాసినా ఎర్రగా లేకపోతే ఎవరూ కొనరు.

ఎవరూ అని అనేశాను గానీ, దాచుకోవడం దేనికి? ఇవాళ తమరి పక్క పెట్టెలోనే కీట్ అనే మామిడి రకం ఉంది. అదీ ఫ్లోరిడా పిల్లే, పీచు టెంక పక్కన తప్ప ఉండదు, పండినా తొక్క ఆకుపచ్చగానే ఉంటుంది. ఇదంతా నాకు తెలుసు. ఒక కాయ చేతిలోకి తీసుకున్నాను. మెత్తగా ఉంది. వాసన చూశాను, బాగుంది. అయినా పచ్చిదేమో అనిపించి పక్కన పెట్టేశాను. చెయ్యి దానంతటదే ఎర్రగా ఉన్నవైపు వెళ్ళింది.

సెలవు తీసుకుంటాను. ఎడమవైపు దవడ పంటి దగ్గర తమరు ఇంకా ఉన్నారు.

ఇట్లు,
తమరి నమ్మకమైన కస్టమర్