పిల్లలు సహకరించడం లేదు

ఎంతసేపూ పెద్దవాళ్ళను తిట్టడం మనకు అలవాటైపోయింది. ప్రభుత్వాలు పట్టించుకోవంటాం, కంపెనీలకు జాలి లేదంటాం. పిల్లల కోసం పెద్దలు పడే యాతన దగ్గర్నుంచి చూసినవాళ్ళెవరూ అలా మాట్లాడరు. తప్పెవరిదో ఎవరో ఒకరు తెగించి చెప్పాలి కాబట్టి నేనే చెబుతున్నాను. తప్పు పిల్లలది. మనం గడువు పెట్టాం, వాళ్ళు పాటించలేదు.

2015లో ప్రపంచ దేశాలన్నీ ఐక్యరాజ్యసమితిలో కూర్చుని, 2025 కల్లా బాలకార్మిక వ్యవస్థ ఏ రూపంలోనూ మిగలకూడదని రాసుకున్నాయి. పదేళ్ళ టైమ్ ఇచ్చారు, అదేం తక్కువ కాదు. తీరా 2025లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ కలిసి లెక్క తేలిస్తే, అంతకుముందు ఏడాదికి ఇంకా 13.8 కోట్ల మంది పిల్లలు పనుల్లోనే ఉన్నారు. అందులో 5.4 కోట్ల మందివి ఒంటికి ముప్పు తెచ్చే పనులు. 2020లో 16 కోట్ల మంది ఉండేవారు కాబట్టి కొందరు పిల్లలకైనా మాట వినే గుణం ఉందని సంతోషించాలి.

పెద్దల ఓర్పు ఎలాంటిదో తెలియాలంటే చాక్లెట్ కంపెనీలను చూడాలి. ఐవరీ కోస్ట్, ఘనా కోకో తోటల్లో పిల్లలతో చేయించే అతి దారుణమైన పనులను 2005 కల్లా ఆపిస్తామని 2001లో సంతకాలు పెట్టాయి. 2005 వచ్చింది. 2008 అన్నారు. అదీ వచ్చి వెళ్ళింది. 2010లో మళ్ళీ కూర్చుని, ఈసారి 2020 కల్లా 70 శాతం తగ్గిస్తామన్నారు. మిగతా 30 శాతం ఎవరి పిల్లలో మాత్రం కాగితంలో లేదు. 2020 వచ్చింది. ఆ ఏడాది బయటపడిన అధ్యయనం ప్రకారం ఆ రెండు దేశాల్లో కోకో పనిలో ఉన్న పిల్లలు 15.6 లక్షల మంది. పని పెద్ద కష్టమేం కాదు. కోకో కాయను ఒక చేత్తో పట్టుకోవాలి, రెండో చేతిలోని కత్తితో కొట్టాలి. కాయ పగలాలి, వేళ్ళు మిగలాలి, అంతే.

దీన్ని వైఫల్యం అనేవాళ్ళకు కూడికలు రావు. 2001లో ఎనిమిదేళ్ళున్న పిల్లవాడికి మొదటి గడువు నాటికి పన్నెండు, రెండో గడువుకు పదిహేను. 2020కి ఇరవై ఏడు. ఇరవై ఏడేళ్ళవాడు బాలకార్మికుడెలా అవుతాడు? మనం తేదీ మార్చామంతే, మిగతాది వాడే పెరిగి చూసుకున్నాడు. ఇంత తక్కువ ఖర్చులో తేలిపోయే సమస్య ఇంకోటి ఉందా? వాడి స్థానంలోకి మరో ఎనిమిదేళ్ళవాడు వచ్చి ఉంటాడనేది వేరే విషయం, దానికి వేరే గడువు.

ఇంకో చిక్కుంది. కాపాడాలంటే ముందు వాడు పిల్లవాడేనని తేలాలి. లోకంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో దాదాపు 15 కోట్ల మంది పుట్టుక ఏ రిజిస్టర్లోనూ లేదు. కాగితం ప్రకారం వాళ్ళింకా పుట్టనే లేదు. పుట్టనివాడిని బడిలో చేర్చుకోవడం కుదరదు. పనిలో పెట్టుకోవడానికి మాత్రం ఏ అడ్డమూ లేదు, యజమాని ఎంత చెబితే అంత వయసు. తనిఖీకి వచ్చినాయన అడిగితే పాలపళ్ళు ఊడుతున్నవాడు కూడా బెరుకు లేకుండా "పద్దెనిమిది" అంటాడు. కంఠతా పట్టించడంలో యజమానులు మన బడులకు పాఠం చెప్పగలరు.

పని చిన్నప్పుడే అలవాటు కావాలి, మొక్కై వంగనిది మానై వంగదనే వాదన కూడా ఉంది. ఈ సామెత చెప్పేవాళ్ళ మొక్కలు మాత్రం ఎప్పుడూ ఏసీ క్లాసురూముల్లోనే వంగుతుంటాయి, ఎందుకో!

1997లో మెక్సికోలో ఒక విపరీతం జరిగింది. పిల్లలను బడికి పంపే పేద తల్లుల చేతికి నేరుగా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టారు. బడికి వెళ్ళే పిల్లలు పెరిగారు, పనికి వెళ్ళేవాళ్ళు తగ్గారు. ఇంట్లో ఒకరు మంచాన పడితేనో, అప్పు నెత్తిమీదికొస్తేనో పిల్లవాడి పుస్తకాల సంచే ముందు మూలకు చేరుతుందని దీంతో అర్థమైపోయింది. ఇంత చిన్న సంగతి ఇంత తేలిగ్గా తెలిసిపోతే సదస్సుల గతేం కావాలి?

సదస్సులంటే గుర్తొచ్చింది. పేరెందుకులెండి, ఒక సంస్థ పోస్టర్ కోసం ఫోటోలు తీయిస్తుంటే చూశాను. తొమ్మిదేళ్ళుంటాయేమో, ఒక అబ్బాయిని గోడకు ఆనించి నిలబెట్టారు. వాడు తల దువ్వుకుని వచ్చాడు, ఫోటోగ్రాఫర్ రెండు చేతులతో చెరిపేశాడు. నవ్వబోతే వద్దన్నారు. తర్వాత కాళ్ళకేసి చూసి, "చెప్పులు తీసేయ్ నాన్నా, బాగోదు" అన్నారు. కొత్త చెప్పులు. వాటికోసమే వచ్చినట్టున్నాడు పాపం, తీసి చేత్తో పట్టుకున్నాడు. చేతులు కూడా ఖాళీగా ఉండాలన్నారు. చెప్పులు గోడ పక్కన పెట్టి నిలబడ్డాడు గానీ, కళ్ళు కెమెరా మీద నిలవలేదు. ప్రతి క్లిక్కుకీ మధ్య చెప్పులవైపే పోతున్నాయి. "ఇటు చూడరా" అని పాపం ఆయన ఎన్నిసార్లు బతిమాలాడో! పదకొండు ఫోటోలు పాడయ్యాయి.

చెప్పాను కదా, సహకరించరు.